ఏఎంహెచ్ ఎంతమ్మా?

శ్రావణమాసం ఆఫరు మీరూ చూసే ఉంటారు. బస్సు వెనక బొద్దుగా నవ్వే పసివాడు, పక్కన చేతులు కట్టుకున్న తెల్లకోటు డాక్టరమ్మ, కింద ‘ప్లానింగ్‌లో ఉన్నారా? ముందు మీ ఫెర్టిలిటీ తెలుసుకోండి’ అని హెచ్చరిక. కన్సల్టేషన్ ఉచితం, స్కానింగ్ ఉచితం, ఏఎంహెచ్ సగం ధరకే. ఆషాఢం తగ్గింపులన్నీ చీరల కొట్లవాళ్ళు పట్టుకుపోయారు గనక వీళ్ళకి శ్రావణం మిగిలిందనుకునేరు. కాదు. ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళిన కొత్తకోడలు అత్తారింట్లో మళ్ళీ అడుగుపెట్టే వేళ చూసి మరీ ముహూర్తం పెట్టారు. మన ఆచారాల మీద ఇంత పట్టున్నవాడు మార్కెటింగ్‌లో ఎందుకున్నాడో, హాయిగా పంచాంగాలు రాసుకోక!

పెళ్ళయిన మూడో నెలకే ‘ఏమైనా విశేషమా?’ అని ఆరా తీసే పెద్దమ్మలు మనకి కొత్తేం కాదు. ఇప్పుడు వాళ్ళకి సైన్సు తోడైంది. ఈమధ్య ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర, నా పక్క విస్తరి ముందు కూర్చున్నావిడ ఎదుటి వరసలోని అమ్మాయిని గట్టిగా అడిగింది, “ఏఎంహెచ్ ఎంతమ్మా?” అని. ‘పులిహోర వేయించుకున్నావా’ అన్నంత మామూలుగా. “ఒకటి పాయింట్ రెండు ఆంటీ” అని ఆ పిల్ల తల దించుకుంది. ఆవిడ “అయ్యో” అని, అప్పడం విరిచి నోట్లో వేసుకుంది.

ఆ పిల్లకి 26 ఏళ్ళు. పెళ్ళై ఏడాది కూడా తిరగలేదు. నెలసరి తప్పకుండా వస్తుంది, ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఉచిత కన్సల్టేషన్‌కని వెళ్ళి రోగి అయి తిరిగొచ్చింది.

ఇంతకీ ఏఎంహెచ్ అంటే ఏమిటట? మీ అండాల బ్యాంకు బ్యాలెన్సట. సెంటర్లో కౌన్సిలర్ అమ్మాయి ఇంతే చెబుతుంది, గ్రాఫు చూపించి మరీ. సరే, ఆ బ్యాంకు భాషలోనే మాట్లాడుకుందాం. ఈ బ్యాంకులో నెలకి ఒక్క చెక్కే చెల్లుతుంది. ఖాతాలో లక్ష ఉన్నా పదివేలున్నా మామూలుగా బయటికొచ్చేది నెలకి ఒక్క అండమే. ఆ వచ్చిన ఒక్కటి గట్టిదా కాదా అన్నది చాలావరకు వయసును బట్టి ఉంటుంది. ఆ సంగతి ఏఎంహెచ్‌ చెప్పదు. అండాశయంలో ఎదిగే చిన్న చిన్న ఫాలికిల్స్ నుంచి వచ్చే హార్మోను అది. ఐవీఎఫ్‌కి దిగినప్పుడు, ఇంజక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు రావచ్చు, డోసు ఎంత వేయాలి అని లెక్క చూసుకోవడానికి డాక్టర్లకి బాగా అక్కరకొస్తుంది. మామూలుగా కాపురం చేసుకుంటున్న పిల్లకి గర్భం వస్తుందా రాదా అని జోస్యం చెప్పడం దాని పని కాదు.

ఇది నా కడుపుమంటలోంచి ఊడిపడ్డ మాట కాదు. 2017లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ఉంది. సంతానలేమి చరిత్ర లేని 750 మంది స్త్రీలు, 30 నుంచి 44 ఏళ్ళవాళ్ళు. ఆరు నెలసరులు గడిచేసరికి గర్భం దాల్చే అవకాశం, ఏఎంహెచ్ మామూలుగా ఉన్నవాళ్ళలో 62 శాతం, 0.7 కన్నా తక్కువున్నవాళ్ళలో 65 శాతం. పన్నెండు నెలసరులకి 75, 84. ‘బ్యాలెన్సు తక్కువ’ వాళ్ళే ముందున్నారని మురవక్కర్లేదు, గణాంకాల్లో ఆ తేడాకి విలువ లేదు. విలువ లేదన్నదే అసలు కబురు. సంతానలేమి లేని ఆడవాళ్ళకి ఈ పరీక్ష పెట్టి వాళ్ళ భవిష్యత్తు చెప్పకండని అమెరికా స్త్రీవైద్య నిపుణుల సంఘం 2019లోనే తన డాక్టర్లకి రాసిచ్చింది. మన బస్సులు ఆ కాగితం మీదుగా వెళ్ళిపోయాయి.

ఎందుకు వెళ్ళవు? ఈ పరీక్షకున్న సుగుణం మరి దేనికుంది? ఏ అంకె వచ్చినా బిల్లు సిద్ధం. తక్కువొస్తే, “టైం లేదమ్మా, ఐవీఎఫ్‌కి వెళ్ళిపోదాం.” ఎక్కువొస్తే, “పీసీఓడీ ఉన్నట్టుందే, ట్రీట్‌మెంట్ మొదలెడదాం.” అటూ ఇటూ కాకుండా ఉంటే మరీ మంచిది, “ఇప్పుడే ఫ్రీజ్ చేయించుకో తల్లీ, ముందు ముందు ఇన్ని ఉండవు.” ల్యాబ్ మారితే అంకె మారవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు తీస్తే తగ్గి కనబడుతుంది. ఈ ముక్క రిపోర్టు అడుగున చీమ కాలంత అక్షరాల్లోనైనా రాయరు. ఎర్ర సిరాతో ‘లో’ అని మాత్రం రాస్తారు. ఆ ఒక్క అక్షరానికి అల్లుడి మొహం మారుతుంది, వియ్యపురాలి గొంతు మారుతుంది, పిల్ల తల్లి ఫోన్లు మొదలెడుతుంది.

ఇక ఏఎంహెచ్ పెంచే పొడులు వచ్చాయి, ఏఎంహెచ్ పెంచే లడ్డూలు వచ్చాయి, ఏఎంహెచ్ యోగా వచ్చింది. ఇవాళో రేపో పెళ్ళిచూపుల కాగితంలో గోత్రం, నక్షత్రం, పాదం తర్వాత నాలుగో గడి ఇదే అవుతుంది. “నాడీదోషం లేదండీ, ఏఎంహెచ్ దోషం ఉంది, శాంతి చేయిస్తే సరి” అని సిద్ధాంతిగారు అంటారు. చేయిస్తారు కూడా. జంటకి ఇంత, లడ్డూలు అదనం.

ఈ ప్యాకేజీలో మిగతా సరుకు గురించి క్లుప్తంగా చెబుతాను. స్కానింగులో నాలుగు నీటిబుడగలు కనిపిస్తే చాలు, పీసీఓడీ. టార్చ్ అనే పరీక్ష రాస్తారు, అందులో ‘ఐజీజీ పాజిటివ్’ అని రాగానే ఇంటిల్లిపాదీ బావురుమంటారు. రుబెల్లాకి ఐజీజీ పాజిటివ్ అంటే రక్షణ ఉన్నట్టు. సంతోషించాల్సిన సంగతి. దానికి నెలరోజుల మందులు రాసిచ్చి ‘ఇన్ఫెక్షన్ తగ్గాక ట్రై చేయండి’ అన్న మహానుభావుల చీటీలు నా కళ్ళతో చూశాను. ఫోన్లో యాప్ ఒకటి, ‘ఈ రోజు మంచి రోజు’ అని మధ్యాహ్నం మూడింటికి ఆఫీసు మీటింగులో మోగుతుంది.

ఇన్ని పరీక్షలూ ఎవరికి? రక్తం ఆమెది. స్కానింగు ఆమెకి. గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసే ట్యూబుల పరీక్ష ఆమెకి. బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగించేది ఆమె. లాపరోస్కోపీ కోతలు ఆమె పొట్టకి. మరి ఆయనేడీ? కింద పార్కింగ్‌లో ఉన్నాడు.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. కొన్నిట్లో అతనిదొక్కడిదే. వీర్య పరీక్షకి సూది లేదు, మత్తు లేదు, కోత లేదు. రెండు నుంచి ఏడు రోజులు ఎడంగా ఉండి, ఒక చిన్న డబ్బా ల్యాబులో ఇచ్చి రావాలి. ఖర్చు వందల్లో. ఇద్దరినీ ఒకేసారి చూడాలని ఏ వైద్యగ్రంథం తెరిచినా ఉంటుంది. మన ఇళ్ళల్లో మాత్రం అది అన్ని తలుపులూ కొట్టాక, ఆఖరికి, ఎవరూ వినకుండా మాట్లాడుకునే పరీక్ష. “మావాడికేం, నిక్షేపంగా ఉన్నాడు” అంటుంది అత్తగారు. ఆవిడ చూపుతోనే వీర్యకణాలు లెక్కపెట్టగలదని తెలియక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆరోసారి మాన్యువల్ అచ్చువేసి, మిల్లీలీటరుకి 1.6 కోట్లు దిగువ హద్దని రాసుకుంది. సూక్ష్మదర్శినులు కొనిపెట్టుకున్న ల్యాబులవాళ్ళంతా వెర్రివాళ్ళు.

నాకు బాగా తెలిసిన ఒక పిల్ల ఉంది. ఊరూ పేరూ వద్దు. మూడు సెంటర్లు తిరిగింది. హార్మోన్ ఇంజక్షన్లకి ఒళ్ళు ఉబ్బింది, ట్యూబుల పరీక్ష అయింది, లాపరోస్కోపీ అయింది, రెండు నల్లపూసల గొలుసులు తాకట్టుకి పోయాయి. ఆడపడుచు సీమంతంలో గాజులు తొడగబోతే “నువ్వొద్దులేమ్మా” అని చెయ్యి పక్కకి జరిపారు. తర్వాత నాలుగో డాక్టరు ఎవరో బుద్ధిమంతుడు, ముందు ఆయన రిపోర్టు తెమ్మన్నాడు. కణాలు లేవు. ఒక్కటి లేదు. జిమ్‌లో కండల కోసం ఏళ్ళ తరబడి టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు పొడిపించుకున్నాడు ఆ నిక్షేపం. బయటి నుంచి ఆ హార్మోను పోస్తే లోపల వీర్యకణాల తయారీ మూతపడుతుందని జిమ్ కోచ్ చెప్పలేదు. అంతకుముందు చూసిన ముగ్గురు డాక్టర్లు అడగలేదు. అడగనందుకు ఆ ముగ్గురూ ఫీజు మాత్రం తీసుకున్నారు.

ఎందుకడగలేదో నాకు తెలుసు. కార్డు గీకేది ఆయన. ఆయన మొహం చిన్నబోతే ఆ ప్యాకేజీ ఎదురు సందులోని సెంటరుకి పోతుంది. ఆమె ఏడ్చినా రేపు మళ్ళీ వస్తుంది. ఏడ్చే మనిషికి కోత పెట్టి, అలిగే మనిషికి కాఫీ ఇచ్చే వైద్యం ఇది. దీన్ని వ్యాపారం అనడం కూడా తప్పే. మా వీధి కిరాణా కొట్టువాడు నేనడిగిన పప్పే పొట్లం కడతాడు.

మగతనం వేరు, వీర్యకణాల లెక్క వేరు. కాపురం చక్కగా చేస్తున్నవాడికీ లెక్క తక్కువుండొచ్చు. అందులో సిగ్గుపడేదేం లేదు. ఒక విడత కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది గనక, సిగరెట్టూ గుట్కా ఇంజక్షనూ మానేసి మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించుకుంటే కొందరికి బాగుపడుతుంది కూడా. మూడు నెలలు సిగరెట్టు మానమని అడగడం కన్నా పెళ్ళాం పొట్టకి మూడు బెజ్జాలు పెట్టించడం మనకి సులువుగా ఉంది.

దేవుడి దగ్గరా ఇదే వరస. 2024 ఏప్రిల్‌లో చిలుకూరులో సంతానం కోసం గరుడ ప్రసాదం పెడుతున్నారంటే జనం పోటెత్తి, కిలోమీటర్ల కొద్దీ ట్రాఫిక్ నిలిచిపోయింది. ఆ ప్రసాదం కూడా ఆడవాళ్ళకే. భర్తలు అక్కడా డ్రైవర్లే.

ఇక పెద్దల మాట. ఇద్దరికన్నా ఎక్కువ మంది పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని 2024 నవంబరులో ఆంధ్ర అసెంబ్లీ ఎత్తేసింది. కనండి కనండి అని ముఖ్యమంత్రి సభల్లో చెబుతున్నారు. మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని విజయనగరం ఎంపీ 2025 మార్చిలో ప్రకటించారు. ఆవు మంచిదే. కనాల్సిన తల్లి ఒంట్లో రక్తం సంగతేమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6. హిమోగ్లోబిన్ పరీక్షకి బస్సు వెనక బొమ్మ వేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అందులో మిగిలేదేముంది?

నిజంగా కావలసినవన్నీ ఇంత చవకవే. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రాకముందే, కనీసం ఒక నెల ముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ వెన్నుగా, మెదడుగా మారే నాళం గర్భం కట్టిన నాలుగు వారాలకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిందన్న సంగతే సరిగ్గా తెలియదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చే మాత్ర అది. రుబెల్లా రక్షణ లేకపోతే టీకా వేయించుకుని నెలరోజులు ఆగాలి. థైరాయిడ్, షుగర్ చూసుకోవాలి. తలసీమియా వాహకులా అని ఇద్దరూ చూసుకోవాలి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ముప్పు. మేనరికాలు ఇన్ని చేసుకునే మనకి ఇది ఏఎంహెచ్ కన్నా ముందుండాల్సిన పరీక్ష. ఆ సగం ధర కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ముప్ఫైకి పైగా పరీక్షలున్నాయి. తలసీమియా లేదు. ఆయనకి సంబంధించిన పరీక్ష ఒక్కటీ లేదు.

ఆమె వయసు 35 లోపైతే ఏడాది చూడండి, దాటితే ఆరు నెలలు. ఏడాదిలో నూటికి ఎనభై జంటలకి పైగా ఏ సెంటరు గడపా తొక్కకుండానే గర్భం వస్తుంది. రానివాళ్ళు తక్కువేం కాదు. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. వాళ్ళకి ఐవీఎఫ్ వరమే. నా కోపం ఆ విద్య మీద కాదు. వాళ్ళ ఆరాటం తెలిసి దానికి రేటు కట్టేవాళ్ళ మీద. సరోగసీ అని లక్షలు గుంజి ఎవరో పేదతల్లి బిడ్డని కొని చేతిలో పెట్టారని, డీఎన్ఏ పరీక్షతో గుట్టు బయటపడిందని 2025 జులైలో సికింద్రాబాద్ కేసులో పోలీసులు చెప్పింది ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఆ ఆరాటానికి హద్దు లేదని కనిపెట్టినవాళ్ళు ఎంతకైనా వెళ్తారు.

అందుకని అమ్మాయిలూ, ఒక్క మాట. ఎవరైనా మీ చీటీ మీద ట్యూబుల పరీక్ష అని రాస్తే, “మా ఆయన రిపోర్టు చూశారా?” అని అడగండి. అడిగితే విసుక్కున్నారా, లేచి వచ్చేయండి. ఉచిత కన్సల్టేషనే కదా, పోయేదేం లేదు. కిందికి దిగి కారు తాళాలు మీరు పుచ్చుకుని, ఆయన్ని పైకి పంపండి.