బొమ్మలోని బ్రహ్మచారి

సరౌండ్ స్పీకర్లు కొనదలచిన గృహస్థునకు మొట్టమొదట దర్శనమిచ్చునది ఒక రేఖాచిత్రము. అందొక వృత్తము, వృత్తమునకు నట్టనడుమ ఒక తల. ఆ తలకెదురుగా ఒక స్పీకరు, దానికి 30 డిగ్రీల ఎడముగా ఇరుప్రక్కల రెండు, 110 డిగ్రీల చేరువను ఒకింత వెనుకగా మరి రెండు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారు నిర్దేశించిన ఈ అమరికనే కంపెనీలవారందరును ఇంచుమించుగా అచ్చువేయుచున్నారు. నేనా బొమ్మను చూచినప్పుడెల్ల ఆ తలను గూర్చియే చింతింతును. వాని వెనుక గోడ లేదు; ప్రక్కన భార్య లేదు; పాదములచెంత హోంవర్కు వ్రాయు పిల్ల లేదు; గది నడుమ కుర్చీ వేసికొన్నందులకు “దారికడ్డం” అని గద్దించు పెద్దదిక్కు లేదు. వాడు నిస్సంశయముగా బ్రహ్మచారి.

మా హాలు హైదరాబాదులోని సగటు అపార్టుమెంటు హాలు. అనగా, వీథితలుపు నుండి వంటయింటికి పోవు దారిలో కాస్త వెడల్పయిన భాగము. ఎడమప్రక్క గోడ కలదు. కుడిప్రక్క గోడ ఉండవలసిన తావున భోజనాల బల్లయు, దాని కావల వంటయిల్లును, అందుండి వెలువడు ఇంగువ పోపు పరిమళమును కలవు. పరిమళమునకు స్పీకరు తగిలించు మేకును ఇంతవరకెవ్వరును కనిపెట్టలేదు. సోఫా వెనుకగోడకు వీపానించి యున్నది. గృహప్రవేశమునాడు అచ్చట ప్రతిష్ఠింపబడినది గావున దానికి చలనము లేదు.

కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక దుకాణపు కుర్రవాడు నా గోడు సాంతముగా విని, “సార్, సోఫా ఓ నాలుగడుగులు ముందుకు జరపండి, సెట్ అయిపోద్ది” అనెను. 11 అడుగుల గదిలో ఆ పని చేసినచో సెట్టగుమాట నిజమే గాని, టీవీ మా యొడిలో కూర్చుండవలసివచ్చును.

ఈ చిక్కు సినిమాహాలువారికి లేదు. 1940లో డిస్నీవారు ‘ఫాంటాసియా’కై ప్రేక్షకుల చుట్టును ధ్వనిని ఒలికించినను, 1979లో ‘అపోకలిప్స్ నౌ’ నందు హెలికాప్టరును వారి తలలచుట్టు త్రిప్పినను, అవి విశాలమైన శాలలు. నేటి హాళ్లలోనైతే గోడల పొడవునను స్పీకర్లు బారులు తీరియుండుటచే ఏ యొక్క స్పీకరును ఏ యొక్కని చెవిని చేజిక్కించుకొనజాలదు. ఇంట వెనుక నుండునవి రెండే. మానవ కర్ణముయొక్క పక్షపాతమెట్టిదనగా, ఒకే ధ్వని రెండు దిక్కులనుండి వచ్చినపుడు ముందుగా చేరినదానినే నమ్మి, వెనుక వచ్చినదానిని లెక్కకు గొనదు. కావున సోఫా చివర కూర్చుండువానికి యుద్ధము, వర్షము, పెండ్లి బాజా సమస్తమును చెవిప్రక్కనున్న పెట్టెలోనే జరుగును.

మామూలు స్పీకరు సూటిగా చెవిలో అరచును. డైపోలు అనునది రెండు ముఖములతో పరస్పర విరుద్ధముగా పలికి, శ్రోతవైపు మాత్రము మౌనము వహించును. అయితే దానికి రెండు ప్రక్కలను గోడలుండవలెను, మాకొకటి కొఱవడినది. మిగిలినది బైపోలు. ఇరుముఖములును ఏకకంఠముగా పలుకుటచే ధ్వని గోడలకు తగిలి చెదరి, ఎటనుండి వచ్చుచున్నదో తెలియకుండును. వెనుకగోడ రెండు కొసలను, చెవులకు రెండడుగుల ఎత్తున బిగించిన చాలును. ఎవరన్నదో తెలియకుండ అందరికిని వినబడుట మా యింటి సంభాషణారీతికి మిక్కిలి సన్నిహితమని తోచి దానినే ఎంచుకొంటిని.

వూఫరు విషయమున పేచీ రాలేదు. 80 హెర్ట్జులకు లోబడిన ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చెవి పసిగట్టలేదు గనుక దానిని ఎచ్చటనైన ఉంచవచ్చునని శాస్త్రము. ఈశాన్యమున బరువు కూడదని మా అమ్మగారు. వాస్తువును ధ్వనిశాస్త్రమును కలహింపకుండ నైరుతిమూల స్థిరపడినవి. ఆ మూలబలముచేత క్రిందివాటా వారికి కూడ సినిమా టిక్కెట్టులేకయే అందుచున్నది.

తుదకు యంత్రమునకు కొలతలు చెప్పు ఘట్టము వచ్చినది. ప్రధానాసనమున చెవి యెత్తున చిన్న మైకు నిలిపినచో, రిసీవరు ఒక్కొక్క స్పీకరుచేత కూతలు పెట్టించి, అడుగు దూరమునకు ఇంచుమించు ఒక మిల్లీసెకను చొప్పున ఆలస్యములను సవరించుకొనును. ఆ ప్రధానాసనము సరిగా ఫానుక్రింద నున్నందున అమ్మగారిది.

“అమ్మా, ఓ అయిదు నిమిషాలు లే. అక్కడ మైకు పెట్టాలి.”

“దానికీ గాలి కావాలిట్రా?”

ఆమె లేచినది, కుక్కరు కూత పెట్టినది, రిసీవరు దానిని ఆరవ స్పీకరుగా భావించి కొలత మొదటికి తెచ్చినది. కుక్కరు దింపిన పిమ్మట గాని పని ముగియలేదు.

ఇప్పుడు సమస్త ధ్వనులును మిల్లీసెకను తప్పకుండ వచ్చి కలియు బిందువున అమ్మగారు ఆసీనులై ప్రతిసాయంకాలమును ప్రవచనము వినుచున్నారు. ఎడమ కుడి మార్గములయందు సమానముగా వచ్చు మాటను రిసీవరు మధ్య స్పీకరునకే పంపును గనుక ప్రవచనమంతయు అందుండియే వెలువడును. తక్కిన నాలుగు స్పీకర్లును మాతోబాటు వినుచున్నవి.