టీకాపై ఫార్వర్డుకు టీకా తాత్పర్యం

మూలం

“అర్జెంట్!!! బడిలో వేసే తట్టు టీకా పిల్లలకు వేయించకండి. దానివల్ల ఆటిజం వస్తుందని లండన్ డాక్టర్లు రుజువు చేశారు. ఈ నిజం టీవీల్లో చూపించరు. మీ పిల్లల మీద ప్రేమ ఉంటే పదిమందికి పంపండి.”

అవతారిక

2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తొమ్మిది నెలల పసివాళ్ల నుంచి పదిహేనేళ్లలోపు పిల్లల దాకా తట్టు-రుబెల్లా టీకా వేయడం మొదలుపెట్టారు. అంతకు ఆరు నెలల ముందే తమిళనాట ఇదే టీకా మీద వాట్సాప్ వాఙ్మయం విరివిగా వెలువడింది. మన మూలం ఆ శాఖకు చెందిందే. ఆ జాతి రచనలను కలిపి, అక్షరదోషాలు దిద్ది చేసిన శుద్ధప్రతి ఇది. కవి పేరు లేదు, కాలం లేదు, ఊరు లేదు. ‘లండన్’ చోట ‘అమెరికా’ అని చదివినా యతిప్రాసల బెడద లేదు కాబట్టి దోషం లేదు.

ప్రతిపదార్థం

అర్జెంట్!!! = ఆలోచించే తీరిక మీకు ఇవ్వదలచుకోలేదని భావం. కింద తేదీ వేస్తే ఈ పదం మర్నాటికి చద్దిదైపోతుంది. అందుకే వేయలేదు.

లండన్ డాక్టర్లు = ఈ పదం దగ్గర చదువరి కాసేపు ఆగాలి. లండన్‌లో డాక్టర్లు వేలమంది. వీరిలో ఎవరు? మూలం చెప్పదు, వెతికితే దొరుకుతారు. 1998 ఫిబ్రవరిలో ‘లాన్సెట్’ అనే వైద్యపత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరో పన్నెండుగురు కలిసి ఒక వ్యాసం అచ్చువేశారు. కాబట్టి ‘డాక్టర్లు’ అనే బహువచనం ఆనాటికి సాధువే. 2004లో ఆ పదమూడు మందిలో పదిమంది, టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆ వ్యాఖ్యానం తమది కాదని అదే పత్రికలో రాసి తప్పుకున్నారు. 2010లో బ్రిటన్ వైద్యమండలి వేక్‌ఫీల్డ్ పేరును డాక్టర్ల పట్టీలోంచి కొట్టేసింది. బహువచనం ముందు పోయింది, డాక్టరనే మాట ఆ తరవాత పోయింది. లండన్ మాత్రం చెక్కుచెదరలేదు.

రుజువు చేశారు = చేయలేదు. ఇది వ్యాఖ్యాత మాట కాదు, తాము రుజువు చేయలేదని ఆ వ్యాసంలోనే రాసి ఉంది. అందులో పరిశీలించింది 12 మంది పిల్లల్ని. కలిపి వేసే టీకా మాన్పించి విడివిడిగా వేయించమన్న సలహా వ్యాసంలో లేదు, దాన్ని విడుదల చేసిన రోజు విలేకరుల ఎదుట వేక్‌ఫీల్డ్ నోట వచ్చింది. గ్రంథం ఒకటి, ప్రవచనం మరొకటి! ఇక బ్రయన్ డీర్ అనే పత్రికారచయిత తవ్వి తీసిన సంగతులు చూడండి: టీకా కంపెనీల మీద దావా వేసే లాయర్ల నుంచి వేక్‌ఫీల్డ్‌కు నాలుగు లక్షల పౌండ్లకు పైగా ముట్టింది, తట్టుకు విడిగా ఒక టీకా కోసం ఆయన అప్పటికే పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ‘ఎవరన్నారు’ అన్న ప్రశ్న మనవాళ్లు అడుగుతారు. ‘ఎవరి ఖర్చుతో అన్నారు’ అని అడిగేవాళ్లు అరుదు.

టీవీల్లో చూపించరు = సాక్ష్యం లేకపోవడాన్నే సాక్ష్యంగా చూపే ఎత్తు. తార్కికులు దీన్ని హేత్వాభాసలలో వేస్తారు. అసలు జరిగింది తలకిందులు: బ్రిటన్‌లో ఈ భయాన్ని ఏళ్ల తరబడి ఇంటింటికీ మోసింది పత్రికలూ టీవీలే.

పదిమందికి పంపండి = ఫలశ్రుతి. వ్రతకథ చివర ఉండేది ఇక్కడ ఫార్వర్డు చివర ఉంది. పంపితే ఫలం చెప్పలేదు గానీ, పంపనివారికి పిల్లల మీద ప్రేమ లేదన్న శాపం ధ్వనిస్తోంది. మూలం నెత్తిన రెండు బాణాల గుర్తు ఉంటే అది అప్పటికే అయిదారు చేతులు మారిందని గ్రహించాలి. అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా 2020 ఏప్రిల్ నుంచి వాట్సాప్ వారు కట్టడి పెట్టారు. అంటే పదిమందికి పంపదలచిన భక్తుడు పదిసార్లు నొక్కాలి. అంత ఓపిక ఉన్నవారికి ఒక్కసారి వెతికి చూసే ఓపిక ఎందుకుండదో వ్యాఖ్యాతకు బోధపడలేదు.

పూర్వపక్షం

“అంత పేరున్న లాన్సెటే తప్పు అచ్చేసింది కదా! ఇక మా పిన్నిగారి ఫార్వర్డు ఏం పాపం చేసింది?”

ఆక్షేపణలో పస ఉంది. ఆ వ్యాసాన్ని పత్రిక పూర్తిగా రద్దు చేసింది 2010 ఫిబ్రవరిలో, అంటే పన్నెండేళ్లకు. ఈ జాప్యాన్ని సమర్థించడం ఏ వ్యాఖ్యాత తరమూ కాదు. కానీ ఇప్పుడు ఆ వ్యాసం తెరిచి చూడండి: పేజీల మీద ‘రద్దు’ అని ఎర్రటి ముద్ర కొట్టి ఉంచారు. తీసి దాచలేదు. తప్పు ఎవరిది, ఏ ఏట బయటపడింది, ఎవరు తప్పుకున్నారు అన్న జాడంతా చూడదలచినవారికి దొరుకుతుంది. ఆ తరవాత డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు చూసి, టీకా వేసినవారిలో ఆటిజం ముప్పు పెరగలేదని 2019లో ప్రకటించారు. అదీ పేర్లతో, లెక్కలతో, ఎవరైనా తప్పుపట్టేందుకు వీలుగా. పిన్నిగారి ఫార్వర్డులో తప్పుందని తేలితే దిద్దేదెవరు? ఆవిడ కూడా దాన్ని మరో గ్రూపులోంచి తెచ్చిందే. ఎర్రముద్ర కొట్టడానికి అక్కడ కాగితమే లేదు.

ఒక హెచ్చరిక. వెతికేటప్పుడు ‘టీకా వల్ల ఆటిజం’ అని కొడితే, గూగుల్ మీ అనుమానానికి చుట్టాలను కూడా వెతికి తేవచ్చు. మనిషి పేరు, పత్రిక పేరు, ఏడు కొట్టి వెతకండి. ఆ మూడూ ఫార్వర్డులో లేకపోతే, పంపినవారినే అడగండి.

తాత్పర్యం

పన్నెండు మంది పిల్లల మీద రాసి, రుజువు కాలేదని తానే ఒప్పుకొని, చివరికి రద్దయిపోయిన ఒక వ్యాసాన్ని, పేరైనా చెప్పకుండా అడ్డుపెట్టుకొని, ముఖం తెలియని ఒకాయన మీ బిడ్డకు టీకా మాన్పించమంటున్నాడు.

ఆ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండోది.