పుర్రెకో బుద్ధి, గోడకో చిల్లు

ట్రావెల్ అడాప్టర్ అంటే ఒక దేశపు ప్లగ్గుకు ఇంకో దేశపు గోడతో పొత్తు కుదిర్చే ప్లాస్టిక్ డబ్బా. దానికి ఒకవైపు మన పిన్నులు దూరే చిల్లులు, రెండోవైపు వాళ్ల చిల్లుల్లో దూరే పిన్నులు ఉంటాయి. మధ్యలో రెండు మూడు లోహపు రేకులు తప్ప మరే మహత్యమూ ఉండదు. విదేశీ ప్రయాణానికి కావలసిన వాటిలో పాస్‌పోర్టు, వీసా, ఆవకాయల తర్వాతి స్థానం దీనిదే. మొదటి మూడింటికీ నెలల ముందు నుంచే ఏర్పాట్లు జరుగుతాయి. నాలుగోది మాత్రం పరాయి ఊళ్లో అర్ధరాత్రి, ఫోను 4 శాతం దగ్గర కొట్టుకుంటుండగా, హోటల్ మంచం వెనక మోకాళ్ల మీద వంగి గోడను తడుముతున్నప్పుడు గుర్తొస్తుంది.

గోడ చిల్లులు దేశానికో తీరుగా ఉండటం వెనక శాస్త్రం కన్నా చరిత్రే ఎక్కువ. కరెంటు ఇళ్లలోకి వచ్చిన కొత్తలో దాని పని దీపం వెలిగించడమే. ఇంకే పరికరానికైనా కరెంటు కావాలంటే బల్బు ఊడదీసి ఆ హోల్డర్‌లోంచే లాక్కునేవారు. 1904లో అమెరికాలో హార్వే హబ్బెల్ పేటెంటు పొందిన ప్లగ్గు కూడా బల్బు హోల్డర్‌కు బిగించే తరహాదే. పందిట్లో బల్బు తీసి మైకుసెట్టుకు కరెంటు ఇచ్చిన కుర్రాళ్లకు ఈ విద్య కొత్త కాదు. తర్వాత ఏ దేశపు ఇంజనీరుకు ఎలా తోస్తే ఆ దేశపు గోడకు అలా చిల్లులు పడ్డాయి. పక్కవాణ్ని అడగడం నామోషీ అనుకున్నారు కాబట్టి, అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ జాబితాలో ఇవాళ ఎ నుంచి ఓ దాకా 15 రకాల ప్లగ్గులు ఉన్నాయి.

వీటిలో మన వాటాకు వచ్చింది డి రకం: మూడు గుండ్రటి పిన్నులు, అందులో ఎర్త్ పిన్ను కాస్త లావు. బ్రిటన్ 1934లో బీఎస్ 546 పేరుతో ఖాయం చేసిన నమూనా ఇది. గీజర్లకూ ఏసీలకూ వాడే ఎం రకం దీని పెద్దన్న. 1947లో బ్రిటిషువాళ్లు రెండు పనులు చేశారు. భారతదేశాన్ని వదిలి వెళ్లారు. తమ ఇళ్లకోసం పలక పిన్నుల కొత్త ప్లగ్గుకు బీఎస్ 1363 పేరుతో ప్రమాణం ప్రకటించుకున్నారు. కొత్తది వాళ్లకు, పాతది మనకు. వలస పాలన ఆనవాళ్లు చెరిపేయాలంటూ ఊళ్ల పేర్లూ వీధుల పేర్లూ మార్చినవారి చూపు గోడకున్న ఆ మూడు చిల్లుల మీద ఇప్పటిదాకా పడలేదు. ఆ ప్రసంగాల మైకుకు కరెంటు వచ్చేది వాటిలోంచే కావడం కారణం కావచ్చు.

ఈ గందరగోళం తీర్చడానికి కమిషన్ 1986లో ప్రపంచమంతటికీ ఒకే ప్లగ్గును ప్రతిపాదించింది. రకాలను తగ్గించడానికి పుట్టిన ఆ ప్లగ్గు, ఎన్ రకం అనే పేరుతో జాబితాలో మరో అక్షరమై కూర్చుంది. చెప్పుకోదగ్గ దేశాల్లో దాన్ని నెత్తిన పెట్టుకున్నవి బ్రెజిల్, దక్షిణాఫ్రికా. కమిషన్ ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో ఉంది. ఆ దేశం వాడేది మాత్రం జె రకం. చూడటానికి ఎన్ రకానికి కవల పిల్లలా ఉంటుంది గానీ ఎర్త్ పిన్ను కాస్త జరిగి ఉండటంతో ఒకదాంట్లో ఒకటి దూరదు. బ్రెజిల్ మరో అడుగు ముందుకేసింది. ఒకే ఆకారపు సాకెట్‌లోంచి కొన్నిచోట్ల 127 వోల్టులు, కొన్నిచోట్ల 220 వోల్టులు ఇస్తుంది. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లన్నిటికీ చార్జింగ్ చిల్లు ఒకటే, అంటే యూఎస్‌బీ-సి ఉండాలని శాసించింది. గోడకుండే చిల్లుల జోలికి వెళ్లే సాహసం మాత్రం చేయలేదు.

ఇక ప్రయాణికుడికి పనికొచ్చే లెక్క. అమెరికా, కెనడాల్లో రెండు పలక పిన్నుల ఎ రకం, దానికి గుండ్రటి ఎర్త్ తగిలించిన బి రకం నడుస్తాయి. జపాన్‌వీ పలక పిన్నులే గానీ చాలా గోడలకు రెండే చిల్లులు ఉంటాయి. అమెరికాకని కొన్న మూడు పిన్నుల అడాప్టర్ అక్కడ గుమ్మంలోనే ఆగిపోతుంది. బ్రిటన్, ఐర్లండ్, సింగపూర్, మలేసియా, దుబాయ్, ఖతర్, కువైట్‌లలో మూడు పలక పిన్నుల జి రకం. ఈ ప్లగ్గు నేల మీద పిన్నులు పైకి పెట్టి పడుకుంటుంది. చీకట్లో దాన్ని తొక్కిన పాదం బ్రిటిష్ పాలనను ఇంకోసారి గుర్తు చేసుకుంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చైనాల్లో వాలుగా నిలబడ్డ పిన్నుల ఐ రకం. ఐరోపా ప్రధాన భూభాగంలో గుండ్రటి పిన్నులే ఎక్కువ. కాకపోతే జర్మనీలో ఎర్త్ పక్కనున్న క్లిప్పుల్లో ఉంటుంది, ఫ్రాన్స్‌లో సాకెట్ లోంచే ఒక పిన్ను బయటికి పొడుచుకొస్తుంది. ఇటలీ, డెన్మార్క్‌లవి మళ్లీ వేర్వేరు అక్షరాలు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఇక్కడ ఊరంతా ఉలిపికట్టెలే.

ఇందులో డబ్బు మిగిల్చే సంగతి ఒకటుంది. మన ఫోన్ చార్జర్లలో చాలావాటికి ఉండేవి యూరప్ తరహా సన్నటి గుండ్రటి పిన్నులు రెండే. అలాంటి చార్జర్ పారిస్‌లోనూ బెర్లిన్‌లోనూ సాధారణంగా నేరుగా గోడలో కూర్చుంటుంది. యూరప్ యాత్రకని కొన్న అడాప్టర్లలో చాలావరకు సీలు విప్పకుండానే ఇంటికి తిరిగొస్తాయి. అడాప్టర్ అవసరం పడేది మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్గుకు. దానికీ ఒక దొడ్డిదారి ఉంది. చాలా లాప్‌టాప్‌ల చార్జర్ ఇటుకకు గోడవైపు తీగ విడిగా ఊడొస్తుంది. మూడు గుండ్రాలు అంటించినట్టుండే ఆ చిల్లులో దిగిన దేశపు తీగ ఒకటి కొని గుచ్చితే అడాప్టర్ అక్కర్లేదు, ఎర్త్ కూడా దక్కుతుంది. ఇంత చవకైన ఉపాయం చెప్పే దుకాణదారుడు అరుదు. చెబితే అడాప్టర్ అమ్ముడుపోదు.

ఆకారం దాకా వచ్చాక అసలు విషయం మొదలవుతుంది. అడాప్టర్ పెళ్లిళ్ల పేరయ్య లాంటిది. రెండు వైపుల వాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టడం వరకే దాని బాధ్యత. కాపురం సాగుతుందో లేదో చెప్పే జాతకం వేరే ఉంది. అది పరికరం వీపు మీదో అడుగునో ఆవగింజంత అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. అందులో ‘ఇన్‌పుట్’ అన్న మాట పక్కన 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ పరికరం ఏ దేశంలోనైనా కాపురం చేస్తుంది. ఫోన్, లాప్‌టాప్, కెమెరా చార్జర్లలో ఎక్కువ భాగం ఈ బాపతే. 230 వోల్టులు అని మాత్రమే ఉంటే అమెరికా (120 వోల్టులు), జపాన్ (100 వోల్టులు) సంబంధాలు కుదరవు. అడాప్టర్ ఎంత ఖరీదుదైనా సరే కుదరవు. అది పిన్నుల్ని మారుస్తుంది గానీ వోల్టుల్ని మార్చదు.

పెళ్లికి ముప్పై ఆరు గుణాలూ సరిచూసే కుటుంబాలు ఈ ఒక్క గీత చదవకుండానే మిక్సీని అమెరికా పంపుతాయి. 23 కిలోల పెట్టెలో, పాత దుప్పటి చుట్టి, జార్లలో పచ్చడి డబ్బాలు కుక్కి, బాత్రూమ్ తూకం మిషను మీద మూడుసార్లు తూచి మరీ. అక్కడ అడాప్టర్ తగిలించి స్విచ్ వేస్తే 230 వోల్టుల మిక్సీ సగం వోల్టేజీతో మూలుగుతుంది. పప్పు నలగదు, బిడ్డను చూడవచ్చిన అమ్మ మనసు నలుగుతుంది. దాన్ని సరిగ్గా తిప్పాలంటే వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీకి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ బరువులో మిక్సీకేమీ తీసిపోదు. అమెరికా ఇళ్ల కోసమే మన కంపెనీలు 110 వోల్టుల మిక్సీలు చేస్తున్నాయి. కానీ జాతకం చూసి కొనడంలో పెట్టె సర్దే సంబరం ఉండదు.

వేడి పుట్టించే వస్తువుల లెక్క ఇంకా కఠినం. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, పావు వంతు అవుతుంది. మన 700 వాట్ల రైస్ కుక్కర్ 120 వోల్టుల దగ్గర దాదాపు 190 వాట్లకు దిగిపోతుంది. అందులో అన్నం ఉడకదు, నానుతుంది. ఎదురు ప్రయాణం దీనికన్నా వేగంగా ముగుస్తుంది. అమెరికా నుంచి సెలవులకొచ్చిన అల్లుడు తెచ్చిన 120 వోల్టుల, 1500 వాట్ల హెయిర్ డ్రయ్యర్‌ను అడాప్టర్‌తో మన గోడకు పెడితే, లెక్క ప్రకారం అది 5500 వాట్లు లాగాలి. ఆ లెక్క పూర్తయ్యేలోపు పొగ వస్తుంది. అల్లుడి ముందు ఎవరూ ఏమీ అనరు. ఆ సాయంత్రం మాటల్లో నేరం మాత్రం మన కరెంటుదే.

హెర్ట్జ్‌ల సంగతి చాలామందికి పట్టక్కర్లేదు గానీ తెలిసి ఉండటం మంచిది. మన దగ్గర 50, అమెరికాలో 60. జపాన్‌లో రెండూ: 1895లో టోక్యో జర్మన్ జనరేటర్లను, మరుసటి ఏడాది ఒసాకా అమెరికన్ జనరేటర్లను తెప్పించుకోవడంతో, నేటికీ దేశం తూర్పున 50, పడమరన 60గా చీలి ఉంది. చార్జర్లకు ఇది లెక్కలో లేదు. వెట్ గ్రైండర్ లాంటి ఇండక్షన్ మోటార్లకు ఉంది, 60 మీద అవి వేగం పెంచుతాయి. కరెంటు లయను బట్టి నడిచే పాతకాలపు అమెరికా గోడ గడియారాన్ని వోల్టేజీ సరిచేసి మన దగ్గర పెడితే గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. స్థానిక ఆచారం ఇంత త్వరగా వంటబట్టించుకున్న విదేశీ వస్తువు మరొకటి లేదు.

దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది ‘యూనివర్సల్’ అడాప్టర్. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో యూనివర్స్ అంత. సాధారణంగా జారుడు మీటలతో నాలుగు రకాల పిన్నులు బయటికొస్తాయి: అమెరికా, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియా. చాలావాటిలో ఎర్త్ కలవదు, కాబట్టి లోహపు ఒళ్లున్న పరికరాలకు అవి తగవు. కొన్నింటిలో మన మూడో పిన్ను లావుకు చోటే ఉండదు. ప్రపంచమంతా పట్టే డబ్బాలో మన లాప్‌టాప్ ప్లగ్గు పట్టదు. అందుకని దుకాణానికి ఆ ప్లగ్గునే వెంట తీసుకెళ్లి గుచ్చి చూడటం ఉత్తమం. ఒంటి మీద రాసిన ఆంపియర్లూ చూడాలి. 10 ఆంపియర్ల అడాప్టర్ లండన్‌లో 2300 వాట్లు మోయగలదు గానీ న్యూయార్క్‌లో 1200 వాట్లే మోస్తుంది.

అడాప్టర్ లేనివారికి గల్ఫ్‌లో ఒక దేశవాళీ ఉపాయం ప్రచారంలో ఉంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి వెళ్లిన కార్మికుల గదుల్లో దీన్ని కొత్తవాడికి పాతవాడు మొదటి రాత్రే నేర్పుతాడు. జి రకం సాకెట్‌లో కింది రెండు చిల్లులకు లోపల తలుపులు ఉంటాయి. పైన ఎర్త్ చిల్లులోకి పొడవాటి పిన్ను దిగితేనే అవి తెరుచుకుంటాయి. పసిపిల్లలు వేళ్లు పెట్టకుండా చేసిన ఏర్పాటు. పాతవాడు జేబులోంచి పెన్ను తీసి పై చిల్లులో నొక్కిపట్టి, రెండో చేత్తో టూ పిన్ చార్జర్‌ను కింద గుచ్చుతాడు. ‘టక్’మని తలుపు తెరుచుకుంటుంది, చార్జింగ్ ఎక్కుతుంది, కొత్తవాడి కళ్లు మెరుస్తాయి. ఆ సన్న పిన్నులు పలక చిల్లుల్లో వదులుగా ఆడతాయి, వేడెక్కుతాయి, అప్పుడప్పుడు నిప్పురవ్వలు రాలుస్తాయి. బ్రిటిష్ ప్లగ్గు లోపల ఫ్యూజు పెట్టింది, తీగలో కరెంటు మితిమీరితే తెంపడానికి. పెన్నులో ఫ్యూజు ఉండదు, ఇంకు ఉంటుంది. చవక అడాప్టర్ ఒకటి కొంటే తీరే పని ఇది.

కాబట్టి ఎంపిక వరస ఇలా ఉంటుంది. ముందు వెంట తీసుకెళ్లే ప్రతి పరికరం జాతకం చదవాలి. 230 అని మాత్రమే ఉన్నవాటిని తక్కువ వోల్టుల దేశాలకు తీసుకెళ్లక ఇంట్లో వదిలేయాలి. తర్వాత దిగే దేశపు అక్షరం తెలుసుకోవాలి. ఆ అక్షరానికి సరిపడే, ఎర్త్ కలిసే, ఒక్క దేశానికే పనికొచ్చే సాదా అడాప్టర్ కొనాలి. నలుగురున్న కుటుంబానికి నాలుగు అడాప్టర్లు అక్కర్లేదు. ఒక అడాప్టర్, దానికి ఇంటి నుంచి తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి చాలు, ఫోన్లూ లాప్‌టాప్‌లే అయినంతవరకు. ఆ బాక్స్‌కు ఎలక్ట్రిక్ కెటిల్ తగిలిస్తే అడాప్టర్ తన ఆంపియర్ల హద్దు గుర్తు చేస్తుంది. కొనే చోటు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ అయితే చవక, విమానాశ్రయం అయితే ఖరీదు, చేరిన హోటల్లో అడిగి తీసుకుంటే చాలాసార్లు ఉచితం. హోటల్ గదిలో చార్జింగ్ పెట్టి బయటికి వెళ్లేవారు, తలుపు దగ్గర తాళం కార్డు లాగితే గదిలో కరెంటు కూడా వెంట వస్తుందని గుర్తుంచుకోవాలి.

చివరి చిక్కు స్విచ్. మన గోడల్లో ప్రతి సాకెట్ పక్కనా ఒక స్విచ్ ఉంటుంది, బ్రిటన్‌లోనూ సాధారణంగా ఉంటుంది. అమెరికాలో, యూరప్‌లో ఉండదు. ప్లగ్గు గుచ్చితే కరెంటు వచ్చినట్టే. మొదటి రోజు తెలుగు ప్రయాణికుడు స్విచ్ కోసం గోడంతా వెతుకుతాడు. పది రోజులకు వెతకడం మానేస్తాడు. పదిహేనో రోజు ఇంటికి చేరి, అడాప్టర్‌ను సొరుగులో పడేసి, ఏ మధ్యవర్తీ అక్కర్లేని సొంత గోడలో చార్జర్ గుచ్చి, హాయిగా నిద్రపోతాడు. స్విచ్ వేయడు. తెల్లారి లేచేసరికి ఫోను 4 శాతం దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది.