శాంతమత్స్య వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “సెవరమ్ చాలా శాంతమైన చేప సార్. రెండడుగుల ట్యాంకు చాలు, దేంతోనైనా కలిసిపోతది.”

అవతారిక: రంగుచేపల దుకాణంలో స్టూలు మీద ఆసీనుడైన పెద్దమనిషి, ఎవరూ అడగకముందే సెలవిచ్చిన వాక్యమిది. ఆధారం లేనిదేదీ రాయనని ప్రతిన పట్టిన కోలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమ వాడే. ఆ ప్రతిన చేపల దుకాణాల దాకా రాలేదు.

ప్రతిపదార్థము: సెవరమ్ = 1840లో హెకెల్ వర్ణించిన అమెజాన్ సిక్లిడ్ చేప; దేంతోనైనా = నోట పట్టనిదానితో (చిన్న నియాన్ టెట్రాలు పట్టును); తక్కినవి సులభములని విడిచితిమి.

టీక: ఇక శాంతము. భరతుడి లెక్కకు రసాలు ఎనిమిదేనని ఒక పక్షం. తొమ్మిదోదీ ఉందని అభినవగుప్తుడి పట్టు. నాట్యంలో శమానికి చోటు లేదని దశరూపకంలో ధనంజయుడు. మరి గరుడుడికి ఒళ్లప్పగించిన నాగానంద నాటక నాయకుడి మాటేమిటంటే, అది దయావీరం పొమ్మన్నాడు దశరూపక వ్యాఖ్యాత ధనికుడు. నా మొగ్గు ధనికుడి వైపే. సగం తిని ఆగినవాణ్ణి ‘ఇంకా ఉంది, ఆగావేం’ అని అడగడానికి ఎంత ఉత్సాహం కావాలి! స్థాయీభావం దగ్గర మళ్లీ పేచీ: మమ్మటుడు నిర్వేదమంటాడు, అభినవగుప్తుడు తత్త్వజ్ఞానమంటాడు...

చేప సంగతి కదూ. దీని శాంతానికి స్థాయి లీటర్లు. పెరిగితే ఎనిమిదంగుళాలు, ఒక్కోసారి ఆ పైన. నాలుగడుగుల ట్యాంకు, రెండొందల లీటర్ల పైచిలుకు నీళ్లు, వారం వారం కొంత నీటి మార్పు ఉంటేనే ఆ నిదానం. అప్పుడైనా జతకట్టి రాతి మీద గుడ్లు పెట్టిన నాడు రౌద్రమే.

శంక: పెద్దమనిషికి ఇదంతా తెలియదా?

సమాధానము: తెలుసు. రూపాయి బిళ్లంత పిల్లను చూపించి, అది ఎంతవుతుందో మాత్రం చెప్పడు. ఆ రెండడుగుల పెట్టెలో పెరిగిన చేప ఒళ్లు తిప్పుకోవడమే కష్టం, ఈత ఎక్కడిది? అది విడిచే అమ్మోనియా ఆ కాసిని నీళ్లలోనే చేరుతుంది. మొప్పలు ఎర్రబడి, మేత ముట్టక, మూలకు నక్కి ఎగశ్వాస పీలుస్తుంటే, ఇంటికొచ్చినవాళ్లు గాజు మీద వేలితో కొట్టి “ఎంత శాంతంగా ఉందో!” అని మురిసిపోతారు. ఒళ్లు మండుతుంది నాకు.

తాత్పర్యము: మందు కూడా ఆ దుకాణముననే దొరకును.