శిరోరహిత సుందరి: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

గాజు తలుపు వెనుక కదలని సుందరి
చీర కట్టి నిలిచె, శిరసు లేదు
ధరను జూసి మనిషి తలదించి పోవగా
బొమ్మకేమి బాధ పుణ్యమూర్తి!

అవతారిక: కడప వై.వి. స్ట్రీటులో, మే నెల మిట్టమధ్యాహ్నం, ఒక బట్టల అంగడి ఎదుట చెరకురసం తాగుతూ వ్యాఖ్యాత తానే చెప్పుకున్న పద్యమిది. పూర్వకవులకు ఈ పాపంలో భాగం లేదు.

టీక: గాజు తలుపు వెనుక = ఏసీ చల్లదనం వీధి పాలు కాకుండా మూసిన అద్దానికి అవతల; కదలని = (కదిలినచో జనం పారిపోదురు గనుక) నిశ్చలయైన; సుందరి = ఫైబర్ బొమ్మ; చీర కట్టి = వీపు వైపు డజను గుండుసూదులు గుచ్చగా చీర ధరించినదై; నిలిచె = పిక్కలో దూర్చిన ఇనుప కడ్డీ ఆధారముగా నిలబడెను; శిరసు లేదు = మెడ వరకే కలదు; ధరను జూసి = కొంగున వేలాడు చీటీని తిప్పి చూసి; మనిషి = కూతురి పెండ్లి బట్టలకు కమలాపురం నుంచి వచ్చిన తండ్రి; తలదించి పోవగా = తనకు తల ఉన్నందుకు కలిగిన నష్టమిది; పుణ్యమూర్తి = సంబోధన. అంగడి యజమానికా, చదువరికా అనేది తేలలేదు.

అలంకారము: కదలని దానిని ఆటవెలదిలో చెప్పుట విరోధాభాసము.

ధ్వని: విక్రమార్కుని సింహాసనానికి ముప్పై రెండు సాలభంజికలు. మెట్టెక్కబోయిన భోజరాజును ఒక్కొక్కటీ ఆపి, "నీకంత గుణమున్నదా?" అని అడిగాయి. ఈ సాలభంజిక అడిగేదీ అదే ప్రశ్న. గుణమున్న చోట డబ్బు అని చదువుకోవాలి.

విశేషములు: "శిరసు లేదు" అన్నచోట ఆగాలి. 1922లో బయటపడిన టుటన్‌ఖామున్ సమాధిలో రాజుగారి కొయ్య బొమ్మ ఒకటి దొరికింది. బట్టలు తొడిగి చూడటానికేనని కొందరి ఊహ. దానికి చేతులు లేవు గానీ తల ఉంది, తలపై కిరీటముంది. ఐరోపాలో ఒకప్పటి అంగడి బొమ్మలు మైనపువి. గాజు కళ్లు, అతికించిన జుట్టు, ఎండ తగిలితే కరిగే ఒళ్లు. కడపలో అయితే పన్నెండు గంటలకే వత్తి లేని కొవ్వొత్తి. 1930లలో న్యూయార్కులో లెస్టర్ గాబా చేసిన సింథియా అనే ప్లాస్టర్ బొమ్మ విందులకు వెళ్లి, లైఫ్ పత్రికకు కూడా ఎక్కింది. ఫైబర్ వచ్చాక బరువు తగ్గింది, తర్వాత తల కూడా తగ్గింది. విగ్గు ఖర్చు లేదు, ముక్కు చెక్కు లేచే భయం లేదు. చేనిలో దిష్టిబొమ్మకు కుండ తలే సర్వస్వం, కింద రెండు కట్టెలు. అంగట్లో ఒళ్లే సర్వస్వం. రెంటినీ కలిపితే ఒక మనిషి అవుతుందేమో.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన నాటికి మగ్గం గుడ్డ మడతల్లోనే అంగడికి వచ్చేది. ఒంటి మీద ఎట్లుంటుందో చూపే పని గుమాస్తా భుజానిది. ఇప్పటికీ ప్యాంటు మీద కుచ్చిళ్లు పట్టి, కొంగు భుజాన వేసి, "చూడక్కా, ఎట్లుందో!" అనే మీసాల సుందరులు కర్నూలులోనూ ఉన్నారు, ఆదోనిలోనూ ఉన్నారు. ఆ బొమ్మకు తల ఉంది, నోరుంది, కాళ్ల నొప్పులూ ఉన్నాయి. కడ్డీ లేదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో అంగడి పనివాళ్లకు కూర్చునే హక్కును చట్టంలో రాశాయి. మూలంలో "నిలిచె" అన్న క్రియకు ఇంత వెల ఉంది.

తాత్పర్యము: తలుపు వెనుక చీర కట్టిన బొమ్మ ఉన్నది. చీర కొనగలవాడు లేడు. బొమ్మకు చింత లేదు.

పాఠభేదము: పద్యం విన్న చెరకురసం బండామె ఒప్పుకోలేదు. "బొమ్మకేముందిలే అన్నా, దాని పక్కనుండే పిల్లను జూడు. పొద్దున్నించీ నిలబడే ఉండాది" అన్నది. తదనుసారంగా నాలుగో పాదాన్ని "పిల్లకెంత బాధ పుణ్యమూర్తి" అని దిద్ది చూడగా యతి చెడినది. కనుక స్వీకరించలేదు.