గుండె ఆగినంతసేపూ

ఆస్పత్రిలో నన్ను పంపు అంటారు. పుస్తకాల్లో నా పేరు హార్ట్-లంగ్ మెషిన్. పసివాళ్ల గుండె ఆపరేషన్ జరిగే గదిలో, బల్ల పక్కనే నా చోటు. సర్జన్ బిడ్డ గుండెను ఆపి, లోపలి చిల్లు మూసి, మళ్లీ కొట్టుకునేలా చేసేదాకా గుండె పనీ ఊపిరితిత్తుల పనీ నేనే చేస్తాను. ఆ సమయంలో తలుపు అవతల కన్నవాళ్లు కూర్చుని ఉంటారు. ఒకరి కొంగున ముడుపు కట్టిన రూపాయి, ఇంకొకరి ఒడిలో బైబిలు, మరొకరి వేళ్ల మధ్య తస్బీ ఉంటాయి. బిడ్డ గట్టెక్కిందని తెలియగానే వాళ్ల చేతులు ముందు దేవుడికే మొక్కుతాయి. చేసింది వైద్యమైతే పేరు దేవుడికి పోతోందని నొచ్చుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు నొచ్చుకునేది నా తరఫున కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే. నా బతుకును తరచి చూసుకుని తేల్చుకున్న మాట ఇది: బిడ్డ ఎందుకు బతికిందో చెప్పడానికి ఆ కుటుంబం నమ్మకం పనికిరాదు, దాన్ని అందుకు వాడనక్కర్లేదు కూడా. కన్నబిడ్డను ముక్కూమొహం తెలియని మనుషుల చేతుల్లో పెట్టగలిగే బలం ఆ నమ్మకం. బిడ్డ ఇంటికొచ్చాక రుణం ఎటు తీర్చాలో వెతికించే బలమూ అదే. వైద్యం కూర్చోవాల్సిన చోట కూర్చోకుండా, పక్కవాళ్ల దుఃఖానికి తీర్పు చెప్పకుండా ఉన్నంతకాలం ఆ నమ్మకం నాకు తోబుట్టువు.

నా పుట్టుకే ఇందుకు మొదటి సాక్ష్యం. 1930ల మొదట్లో అమెరికాలోని బోస్టన్‌లో జాన్ గిబ్బన్ అనే యువ సర్జన్, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఒక రోగి చనిపోవడం చూశాడు. రక్తాన్ని కాసేపు బయటికి తెచ్చి, ఆక్సిజన్ పట్టించి, తిరిగి లోపలికి పంపాలన్న ఆలోచన ఆయనకు అక్కడ కలిగింది. ఆయనా భార్య మేరీ ప్రయోగశాలలో కలిసి పనిచేసి, 1935లో నా తొలి రూపంతో ఒక పిల్లిని బతికించి ఉంచగలిగారు. మనిషి దాకా రావడానికి మరో 18 ఏళ్లు పట్టింది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో 18 ఏళ్ల అమ్మాయికి గుండె పై గదుల మధ్య ఉన్న చిల్లు మూస్తుంటే, 26 నిమిషాల పాటు ఆమె రక్తప్రసరణ భారమంతా మా జాతి మోసింది. ఆ తర్వాత ఆపరేషన్ చేసిన పిల్లలు దక్కలేదు. గిబ్బన్ ఆ పని ఆపేశాడు. మరుసటి ఏడాది మినియాపొలిస్‌లో వాల్టన్ లిల్లెహై, యంత్రానికి బదులు కన్నవాళ్లనే పక్కబల్ల మీద పడుకోబెట్టాడు. తండ్రి తొడలోని రక్తనాళాలను గొట్టాలతో బిడ్డ రక్తనాళాలకు కలిపితే, తండ్రి గుండె ఇద్దరికోసం కొట్టుకుంది. 1954 మార్చి 26న అలా మొదటి ఆపరేషన్ చేయించుకున్న పసివాడు దాన్ని తట్టుకున్నా, కొద్దిరోజులకే న్యుమోనియాతో పోయాడు. ఒకే ఆపరేషన్‌లో రెండు ప్రాణాలు పోవచ్చని తెలిసి కూడా మరికొందరు తల్లులూ తండ్రులూ వచ్చి పడుకున్నారు. ఒకటిన్నర ఏడాది లోపు 45 ఆపరేషన్లు జరిగితే 28 మంది పిల్లలు ఇల్లు చేరారు. రక్తం పంచినవాళ్లలో ఎవరూ చనిపోలేదు గాని, ఒక తల్లికి తీవ్రమైన హాని జరిగింది. 1955 నాటికి మేయో క్లినిక్‌లో జాన్ కిర్క్‌లిన్ యంత్రం, మినియాపొలిస్‌లో రిచర్డ్ డివాల్ తయారుచేసిన ఆక్సిజనేటరు పనిలోకి వచ్చాయి. ఫలితం తెలియకముందే బిడ్డ కోసం బల్ల మీద పడుకున్న ఆ మనుషులు లేకపోతే నేను ఈ గదిదాకా వచ్చేదాన్ని కాదు.

నా పని ఎలా నడుస్తుందో చూస్తే బిడ్డ ఎందరికి రుణపడుతుందో తెలుస్తుంది. నేను మొదట అడిగేది బిడ్డ బరువు. కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కన, 5 కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 400 మిల్లీలీటర్లే. నా గొట్టాలూ రిజర్వాయరూ ఆక్సిజనేటరూ ముందుగా నిండితే గాని నేను కదలలేను. వట్టి సెలైన్ నింపితే బిడ్డ రక్తం మరీ పలచబడుతుంది. అందుకే పసివాళ్ల విషయంలో ఎవరో దానం చేసిన రక్తాన్ని చాలాసార్లు నాలో ముందుగా నింపుతారు. బిడ్డ రక్తం నన్ను చేరేసరికే ఒక అపరిచితుడి రక్తం నాలో తిరుగుతూ ఉంటుంది. గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను పంది పేగుల లోపొర నుంచి తీస్తారు. పని అయ్యాక దాన్ని విరిచే ప్రొటమిన్ సాల్మన్ చేప నుంచి వచ్చింది. గుండెకు చేరాల్సిన చెడు రక్తం నా దగ్గరికొచ్చి, సన్నని బోలు పోగుల చుట్టూ పారుతూ బొగ్గుపులుసు వాయువును వదిలి, ఆక్సిజన్ తీసుకుని బృహద్ధమనిలోకి వెళ్తుంది. పొటాషియం కలిపిన ద్రవం ఇచ్చి గుండెను ఆపుతారు. నా ఎదుట కూర్చుని నన్ను నడిపే పర్‌ఫ్యూజనిస్టు చూపు ప్రవాహం, పీడనం, ఉష్ణోగ్రత చూపే అంకెల మీదే ఉంటుంది. మత్తు డాక్టరు, పనిముట్లు అందించే నర్సు, ఎకో చేసి చిల్లు కనిపెట్టిన డాక్టరు, రక్తనిధిలో గ్రూపు సరిచూసిన టెక్నీషియన్, రాత్రంతా ఐసీయూలో మూత్రం కొలిచే నర్సు, నేల తుడిచే ఆయమ్మ - వీళ్లలో ఏ ఒక్కరు తప్పినా నా శ్రమ వృథా.

ఇప్పుడు మొదటి అభ్యంతరానికి వస్తాను. డాక్టర్ల చదువుకూ చెమటకూ దక్కాల్సిన పేరును దేవుడికి కట్టబెట్టడం అన్యాయమంటారు. ఆ కుటుంబం డాక్టరును మరిచిపోయి కొండకెళ్తే అది అన్యాయమే, ఒప్పుకుంటాను. అయితే డాక్టరుకు చెప్పినంత మాత్రాన కృతజ్ఞత పూర్తవుతుందా? రక్తం ఇచ్చిన మనిషి పేరు ఆ తల్లికి ఎవరూ చెప్పరు. మినియాపొలిస్‌లో పడుకున్న తండ్రి గురించి ఆమె ఎప్పుడూ వినలేదు. పన్ను కట్టి ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకాన్ని నడిపించిన కోట్లమందిని ఆమె ఎక్కడని వెతుకుతుంది? పేరు తెలిసినవాళ్లకు నమస్కారం పెట్టాక కూడా మనసులో రుణం చాలా మిగిలిపోతుంది. దాన్ని దించుకోవడానికి ఆమెకు తెలిసిన చోటు గుడి, మసీదు లేక చర్చి. ఆ దండంలో నా వాటా, సర్జన్ వాటా, రక్తదాత వాటా అన్నీ ఉన్నాయనే అనుకుంటాను. దేవుడికి దండం పెట్టిన చేతులే డాక్టరు కాళ్లకూ మొక్కబోతాయి. ఆ రెండింటి మధ్య పోటీ పెట్టేది బయటి నుంచి చూసేవాళ్లే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ప్రార్థన వల్ల ఆపరేషన్ ఫలితం మారుతుందా అన్న ప్రశ్నను పరీక్షించి చూశారు. 2006లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఆరు ఆస్పత్రులకు చెందిన 1802 మంది గుండె బైపాస్ రోగులను మూడు గుంపులు చేశారు. ఎవరికోసం అపరిచితులు ప్రార్థించారో, ఎవరికోసం ప్రార్థించలేదో తెలియకుండా ఉంచిన రెండు గుంపుల్లో ఆపరేషన్ తర్వాతి చిక్కులు దాదాపు సమానంగా వచ్చాయి: 52 శాతం, 51 శాతం. తమకోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసిన మూడో గుంపులో అవి 59 శాతం. ఈ ఫలితాన్ని నేను దాపరికం లేకుండా ఒప్పుకుంటాను. ప్రార్థన నా అంకెలను మార్చదు, హెపారిన్ మోతాదును సరిచేయదు, కుట్టును బిగించదు. కానీ ఆ అధ్యయనం కొలిచింది రోగి ఒంట్లో వచ్చిన చిక్కులను. తలుపు అవతల కూర్చున్న తల్లి ఆ గంటలను ఎలా దాటిందో అది కొలవలేదు. తర్వాత నెలల తరబడి సాగే సేవను ఆమె ఎలా మోసిందో కూడా కొలవలేదు. పిల్లలు కోలుకోవడంలో ఆ సేవ చిన్న విషయం కాదు. ఎదురురొమ్ము ఎముక అతుక్కునేదాకా బిడ్డను చంకల కింద పట్టి ఎత్తకూడదు, తల కిందా పిరుదుల కిందా చేతులు పెట్టి లేపాలి. మూత్రం సాఫీగా వెళ్లే మందు వేళకు పడాలి. గాయం ఎర్రబడితే, జ్వరమొస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. మళ్లీ ఎకో చేయించాలని చెప్పిన తేదీకి, కూలి పోయినా సరే, బస్సెక్కాలి. ఇవన్నీ నిద్ర చాలని, భయం తీరని మనుషులు చేయాల్సిన పనులు. రోజూ దీపం పెట్టుకుని లేక నమాజు చేసుకుని ఆ తల్లి కూడగట్టుకునే ఓర్పు ఈ పనుల్లోకే వెళ్తుంది. ఆమె నమ్మకానికి నేనిచ్చే విలువ అక్కడుంది.

అదే కారణంగా నమ్మకానికి ఒక హద్దు గీయాల్సిందీ నేనే. పాలు తాగుతుంటే చెమటలు పట్టే బిడ్డ, డొక్కలెగరేస్తూ మాటిమాటికీ నెమ్ము చేసే బిడ్డ, ఎన్ని నెలలైనా బరువు పెరగని బిడ్డ - దిష్టి తగిలిందని, పాలు పడలేదని తాయెత్తులతో కాలం గడిపితే జరిగే నష్టం పూడ్చలేనిది. గుండె కింది గదుల మధ్య పెద్ద చిల్లుంటే ఊపిరితిత్తుల్లోకి లెక్కకు మించిన రక్తం ఒత్తిడితో వెళ్తుంది. ఆ ఒత్తిడికి అక్కడి రక్తనాళాలు క్రమంగా మందమై బిగుసుకుంటాయి. ఒక దశ దాటాక రక్తం ఎదురు తిరిగి బిడ్డ నీలంగా మారుతుంది. అప్పుడు చిల్లు మూస్తే మేలుకంటే కీడే ఎక్కువ. అందుకే పెద్ద చిల్లులను చాలావరకు మొదటి ఏడాదిలోనే మూస్తారు. వేళ మించి వచ్చిన బిడ్డకు నేను ఏ సాయమూ చేయలేను. మొక్కు వాయిదాను ఏ దేవుడైనా సహిస్తాడు, ఊపిరితిత్తులు సహించవు. ముందు ఎకో, ఆ తర్వాత కొండ. ఈ వరస తిరగబడిన చోట ఆ నమ్మకాన్ని నేను సమర్థించను.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మూడోది. ఈ బిడ్డ బతకడం దేవుడి దయ అయితే, నిన్న అదే బల్ల మీద దక్కని బిడ్డ మాటేమిటి? ఆ తల్లి భక్తి తక్కువైందా? మొక్కులో లోటుందా? ఈ ప్రశ్నకు తెలివిగా చెప్పే జవాబులన్నీ ఆ తల్లిని మళ్లీ గాయపరుస్తాయి. నాకు తెలిసిన నిజం ఒక్కటే: రెండు కుటుంబాలూ ఒకే బెంచీ మీద, ఒకే తీవ్రతతో కూర్చుంటాయి. పిల్లల మధ్య తేడా గుండె నిర్మాణంలో, వచ్చిన వయసులో, బరువులో, ఊపిరితిత్తుల ఒత్తిడిలో, అంటిన ఇన్ఫెక్షన్‌లో ఉంటుంది. భక్తి కొలతలో ఉండదు. కాబట్టి కోలుకున్న బిడ్డను తమ భక్తికి ముట్టిన కూలిగా చెప్పుకునే హక్కు ఏ కుటుంబానికీ లేదు. తమకు అర్హతతో పనిలేకుండా అందిందని తెలిసినవాళ్లు మాత్రమే, అందనివాళ్ల ముందు తల వంచి నిలబడగలరు. మా నమ్మకమే గెలిచిందని చాటే కుటుంబం కంటే, పక్కమంచం ఖాళీ అయిన తల్లి దగ్గరికెళ్లి మాట లేకుండా కూర్చునే కుటుంబం కృతజ్ఞతే నిజమైనదని నా తీర్పు.

అలాంటి కృతజ్ఞత తెలుగునేల మీద కళ్లెదుటే పని చేస్తోంది. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న మొదలైన సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ గుండె ఆపరేషన్లను ఉచితంగా చేయసాగింది. భక్తుల కానుకలతో నడిచే తిరుమల తిరుపతి దేవస్థానాలు ప్రాణదాన ట్రస్టు పేరిట పేదల ఖరీదైన చికిత్సలకు డబ్బిస్తున్నాయి. 2021 అక్టోబరులో తిరుపతిలో పిల్లల కోసమే శ్రీ పద్మావతి హృదయాలయాన్ని తెరిచాయి. కానుక వేసిన చేతికి తెలియకుండానే ఆ డబ్బు ఒక బిడ్డ గుండెకు చేరుతోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో మొక్కు లేదు, పన్ను ఉంది. కానీ ఊరి బిడ్డలందరినీ మన బిడ్డలుగా చూడటంలో ఆ రెండూ ఒకే దారిన నడుస్తాయి. తిరుమలలో బిడ్డను తక్కెడలో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లమో నాణేలో ఇచ్చే తులాభారం నాకు ప్రత్యేకంగా ఇష్టం. చిల్లు మూశాక బిడ్డ బరువు పెరగడం, మా పని ఫలించిందని చెప్పే ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి. డాక్టరు కార్డులో రాసుకునే అంకెకే ఆ కుటుంబం దేవుడి ఎదుట పండగ చేస్తుంది.

ఆ తులాభారం పక్కన మరో మొక్కును కూడా చేర్చమని కన్నవాళ్లను అడుగుతున్నాను. రక్తదానంలో ఒకసారి తీసుకునే 350 మిల్లీలీటర్లు, 5 కిలోల బిడ్డ ఒంట్లోని మొత్తం రక్తానికి దగ్గరగా ఉంటాయి. 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువున్న ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. మీ బిడ్డ కోసం నాలో తిరిగిన రక్తం ఎవరిదో మీకు తెలియదు, తెలిసే దారీ లేదు. ఆ మనిషికి రుణం తీర్చే మార్గం, మీకు తెలియని మరో బిడ్డకు మీ రక్తం ఇవ్వడమే. పాలు తాగుతూ చెమట పడుతున్న బిడ్డ మీ వాడలో కనిపిస్తే, ఆ తల్లిని వెంటబెట్టుకుని ఎకో తీయించండి. ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఎలా తిరగాలో మీకు తెలుసు కాబట్టి, తెలియని కుటుంబానికి తోడు వెళ్లండి. కొబ్బరికాయ కొట్టండి, తలనీలాలివ్వండి, చాదర్ కప్పండి, కొవ్వొత్తి వెలిగించండి. అందులో నాకు చిన్నతనం ఏమీ లేదు. మీ నమ్మకం మరో బిడ్డను వేళకు నా దగ్గరికి తీసుకొచ్చిన రోజున, మీరు దేవుడికి చెప్పిన మాటా డాక్టరుకు చెప్పిన మాటా రెండూ నెరవేరినట్టే.