ఉండునా, బెండు మునగతా ఉండాది: సటీకా తాత్పర్యము

అవతారిక. ఫాల్గునమాసాంతమున, ఈశాన్య ఋతుపవనపు వానలకు నిండిన పుంగనూరి సీమ చెఱువులు గట్లను విడిచి నడుమకు ముడుచుకొనుచున్న దినములలో, చలి తెల్లవారుజామునకు మాత్రమే మిగిలి, ప్రొద్దు బారెడెక్కుసరికి ఒడ్డుననున్న మోకాలిలోతు నీరు ముందుగా వెచ్చబడగా, జిలేబిచేపలు ఆ వెచ్చదనమును వెదకికొని గట్టుదాపునకు వచ్చును. అట్టి వేళ పదేండ్ల బాలుడొకడు గాలపుకఱ్ఱ నా చేతికిచ్చి, ప్రక్కనే గొంతుకూర్చుండి పలికిన వాక్యమిది:

"ఉండునా, బెండు మునగతా ఉండాది!"

వాక్యము పుంగనూరి ఆవువలె పొట్టిదే గాని, పితికినకొలది చిక్కన. మూలములో లేనిది వ్రాయనని మల్లినాథసూరి ప్రతిన పట్టెను. నాకట్టి నిష్ఠ లేదు. చేప పడనివానికి మాటలైన నుండవలదా?

ఉండునా. గ్రంథపరిచయము గలవారు దీనిని ప్రశ్నగా భ్రమించి, 'ఈ బెండు నిలుచునా? నిలువదు, మునుగుచున్నది, దేహమును నట్టిదే' యని వేదాంతమునకు దిగుదురు. చక్కని యర్థమే, కాని తప్పు. ఇచ్చటి 'నా' ప్రశ్న కాదు, అన్న. ఈ సీమలో 'అన్నా' యను పిలుపు తల పోగొట్టుకొని తోకతో క్రియ నంటిపెట్టుకొని బ్రతుకును. 'రానా' యన్నచో వత్తునా యని కాదు, రమ్మనియే. ఉత్వసంధి జరిగి 'ఉండన్నా' కావలెనందురేమో. చిన్నయసూరి ఈ గట్టున కూర్చున్నవాడు కాడు. రవీంద్రుడు 1919లో మదనపల్లెలో జనగణమనను ఇంగ్లీషు చేసెను గాని, ఈ 'నా'ను చేయుమనిన ఆయనకును కష్టమే.

బెండు. జొన్నదంటులోని తేలికపదార్థము ముఖ్యార్థము. ప్రకృతమున అరిగిన హవాయిచెప్పునుండి కోసిన బొటనవ్రేలంత నీలిముక్క. లక్షణ.

మునగతా. కవిహృదయమంతయు ఈ వర్తమానములో నున్నది. 'మునిగె' ననలేదు. జిలేబి ఎఱను ఒక్కమారు మ్రింగదు; మూతితో తాకి, కొఱికి, విడుచును. అప్పుడు బెండు రెండుమారులు తల యూచును. చుట్టును సన్నని వలయములు లేచును. పిమ్మట జానెడు ప్రక్కకు జరిగి ఏటవాలుగా దిగును. తలయూపునకే లాగువానికి ఉత్త కొక్కెము, దిగినపిదప లాగువానికి చేప. ఈ రెంటి నడుమనున్న కాలమునకే 'మునగతా' యని పేరు.

కర్తృవిచారము. ముంచునదెవరు? ఆఫ్రికాజలములలో పుట్టి 1952లో భారతదేశమునకు తేబడిన ఈ జాతిలో మగది నల్లబడి, గొంతు తెల్లగా, రెక్కల యంచు లెఱ్ఱగా సింగారించుకొని, లోతులేని చోట బురదను పళ్ళెమంత గుంటగా త్రవ్వి కాపుండును. ఆడుది అందు గుడ్లుపెట్టి వానిని నోటనే పొదుగును. ఆ దినములలో మేత ముట్టదు. గుంటదాపునకు వచ్చినదానినెల్ల తఱుముట మగదాని స్వభావము. కావున కర్త మగచేపయే. ఆకలికన్న అభిమానమే అతనిని కొక్కెమునకు తెచ్చినదని వ్యంగ్యము.

పాఠాంతరము. 'మీను తగిలుండాదినా' యని కుప్పము ప్రతి. మూడు రాష్ట్రములు కలియు చోట 'మీను' తమిళమో కన్నడమో యని తగవు వలదు. సంస్కృతపు మీనమే ద్రావిడము నుండి పోయినదని పలువురు భాషావేత్తల మతము. మీనమాసము నడచుచుండగా ఈ పాఠమే కాలోచితము. అయినను బెండు లేని పాఠమున నిరీక్షణము లేదు గనుక నేను గ్రహింపను.

తాత్పర్యము. అన్నా, ఇంకొక్క క్షణ మోర్వుము. చేప ఇంకను పూర్తిగా పట్టలేదు.

'నా' ప్రశ్నయా సంబోధనమా యని నేను తేల్చులోపల బెండు దిగినది, దిగి మరల తేలినది. తీసి చూడగా కొక్కెము తళతళలాడుచున్నది. వానపాము తునకయైన మిగులలేదు. బాలుడు నావంక చూడలేదు. కొబ్బరిచిప్పలోని తడిమన్ను వ్రేలితో కెలకి, మఱియొక ఎఱను గ్రుచ్చి, గాలము ఈమాఱు నాకీయక, పది బారల దూరము జరిగి కూర్చుండెను.